మెకంజీ దొర - మన ఊళ్ల కవిలెలు

మీ ఊరు ఎప్పుడు పుట్టింది? ఊరి ముందరి చెరువు ఎవరు తవ్వించారు? గుడికి మాన్యం ఇచ్చిన రాజు పేరేమి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి బస్సులెక్కి వచ్చి చదువుకుంటున్న మనల్ని ఎవరైనా ఈ మూడు ప్రశ్నలూ అడిగితే చాలామందిమి తల గోక్కోవలసిందే. అక్బరు ఏ సంవత్సరంలో గద్దె ఎక్కాడో చెప్పగలం. పానిపట్టు యుద్ధాలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టగలం. మన ఊరి చెరువు కట్ట మీద చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న బండ మీద ఏమి రాసి ఉందో మాత్రం చెప్పలేం. ఇది మన తప్పని అనను. మనకు ఎవరూ చెప్పలేదు, మనం ఎవరినీ అడగలేదు.

అడిగినవాడు ఒకడున్నాడు. రెండు వందల ఏళ్ల కిందట సరిగ్గా ఇవే ప్రశ్నలు రాసి ఇచ్చి, మన ఊళ్ల మీదికి మనుషుల్ని పంపినవాడు. ఆయన మన దేశం వాడు కాదు. మన భాష రాదు. పండితుడూ కాదు, సర్వే ఇంజనీరు. పేరు కాలిన్ మెకంజీ. గ్రామ చరిత్రలంటే మొదట తలచుకోవలసిన పేరు ఆయనది. ఆ కాగితాల వెనుక ఉన్న తెలుగు మనుషుల పేర్లు కూడా తలచుకోవలసినవే. అందుకే ఈ వ్యాసం.

సముద్రం మధ్య నుంచి

మెకంజీ 1754లో స్కాట్లండుకు ఉత్తరాన లూయిస్ అనే దీవిలో, స్టోర్నొవే అనే రేవు ఊరిలో పుట్టాడు. చలిగాలి, చేపల పడవలు, బీద వ్యవసాయం తప్ప పెద్దగా ఏమీ లేని చోటు. కొంతకాలం అక్కడి సుంకాల కచేరీలో ఉద్యోగం చేశాడు. లెక్కల మీద అభిరుచి ఉండేది. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ వంశీకుడైన ఒక ప్రభువు తన పూర్వీకుని జీవితచరిత్ర రాయించదలచి, హిందువుల గణితంలో ఇటువంటి పద్ధతులు ఉండేవా అని విచారించే పని మెకంజీకి అప్పగించాడు. ఆ విధంగా తూర్పు దేశాల విద్యల మీద ఆయనకు మనసు మళ్లింది.

1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. అప్పటికి వయస్సు ముప్ఫైకి దగ్గర. ఆ వయస్సుకు మిగతా దొరలు డబ్బు చేసుకొని ఇంటికి తిరుగు ప్రయాణం కట్టేవారు. ఈయన అప్పుడు మొదలుపెట్టాడు. ఇక తిరిగి తన దీవి ముఖం చూడలేదు. మదురలో నేపియర్ కుటుంబపు ఆడపడుచు ఇంట ఉండగా అక్కడి బ్రాహ్మణ పండితులతో పరిచయం కలిగింది. తాను వెతుకుతున్న గణితం దొరికిందో లేదో గాని, అంతకంటె పెద్ద గని ఒకటి ఈ దేశంలో ఉందని మాత్రం ఆయనకు అర్థమైంది. ఆ గని కాగితాల్లో, తాటాకుల్లో, రాళ్ల మీద ఉంది. అయితే దాని తాళంచెవి ఆయన చేతిలో లేదు. భాషలు రావు. సైన్యంతో పాటు ఊరూరూ తిరిగే ఉద్యోగంలో భాషలు నేర్చుకొనే తీరిక ఆయనకు చివరిదాకా దొరకలేదు.

1792లో టిప్పు సుల్తానుతో సంధి జరిగి, కడప సీమ టిప్పు చేతిలో నుంచి నిజాం చేతికి పోయింది. ఆ తర్వాతి కొన్నేళ్లు మెకంజీ నిజాం సైన్యంతో ఉన్న కంపెనీ పటాలానికి ఇంజనీరు. నిజాం రాజ్యానికి పటం గీసే పని ఆయన మీద పడింది. నల్లమల, పెన్న, కృష్ణ ప్రాంతాలన్నీ అట్లా ఆయన కాళ్ల కింద నలిగినవే. 1794లో శ్రీశైలం ఎక్కి ఆ గుడి గోడల మీది బొమ్మల సంగతి రాసి పంపితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారు తమ సంపుటంలో అచ్చువేశారు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. టిప్పు పడిపోయిన తర్వాత మైసూరు రాజ్యం మొత్తాన్ని సర్వే చేసే పని ఆయనకే అప్పగించారు. ఆ మరుసటి ఏడు, అంటే 1800లో, నిజాం మన జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలని పేరు వచ్చింది అప్పుడే.

కావలి అన్నదమ్ములు

ఇక్కడ కథలోకి తెలుగువాళ్లు ప్రవేశిస్తారు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు. ఏలూరు ప్రాంతం వాళ్లు. బొర్రయ్య ఇరవై ఏళ్లు నిండీ నిండని వయస్సులో మెకంజీ దగ్గర చేరాడు. మనలో చాలామంది డిగ్రీ క్లాసుల్లో ఉండే వయస్సు అది. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు చక్కగా తెలుసు. ఎవరింటికి పోయినా మాట కలపగల నేర్పరి. పాత కన్నడ శాసన లిపిని పట్టుదలతో కూర్చొని చదివి దారి చూపినవాడు ఆయనే. 1803లో ఇరవై ఏడేళ్లు కూడా దాటకుండా చనిపోయాడు. మెకంజీ ఆ దుఃఖం చాలాకాలం మరువలేదు. తన పరిశోధనకు అసలు తలుపు తెరిచినవాడు ఈ కుర్రవాడే అని తర్వాతి రాతల్లో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు.

అన్న పోయిన తర్వాత లక్ష్మయ్య ఆ బాధ్యత తలకెత్తుకున్నాడు. మద్రాసులో కూర్చొని, ఊళ్ల మీద తిరిగే గుమాస్తాల నుంచి నెలనెలా వచ్చే రిపోర్టులు చదివి, ఏది కొత్తది, ఏది పాతదానికి నకలు, ఎవరు ఇంకా ఎక్కడికి పోవాలి అని నిర్ణయించేవాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఒక పెద్ద పరిశోధన శాఖకు డైరెక్టరు. సర్వే పనికి కంపెనీ జీతమిచ్చేది గాని, ఈ చరిత్ర వేటకు పెద్దగా ఇచ్చింది లేదు. ఎక్కువ భాగం మెకంజీ సొంత జేబులో నుంచే నడిచింది.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ గీశాడు. ఎర్ర కోటు వేసుకొని దొర మధ్యలో నిలబడి ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్లు ఉంటారు. ఒకరి చేతిలో తాటాకు ప్రతి, ఒకరి చేతిలో దుర్భిణి. ఆ రోజుల్లో దొరల బొమ్మల్లో నౌకర్లు గొడుగు పట్టుకొని, విసనకర్ర పట్టుకొని కనిపించేవారు. పుస్తకం పట్టుకొని కనపడటం అరుదు. ఆ చిత్రం ఇప్పుడు లండనులో ఉంది.

కరణం గారి అటక

1809 తర్వాత దత్తమండలాల సర్వే మొదలైంది. అప్పటికి మన్రో కలెక్టరుగా పాళెగాళ్లను అణచి, భూములు కొలిపించి, శిస్తులు కట్టి సీమకు పోయాడు. మెకంజీ 1810లో మద్రాసు రాజధానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1811లో జావా యుద్ధానికి పోయి రెండేళ్లు అక్కడే ఉన్నాడు. ఆయన దేశంలో లేకపోయినా ఇక్కడి పని ఆగలేదు. నారాయణరావు వంటి గుమాస్తాలు దత్తమండలాల్లో ఊరూరూ తిరుగుతూనే ఉన్నారు.

వారి పని ఎట్లా ఉండేదో ఊహించుకోండి. ఒక గుమాస్తా పల్లెకు వస్తాడు. చేతిలో అమల్దారు ఇచ్చిన ఉత్తరువు, దొర రాయించి ఇచ్చిన ప్రశ్నల పట్టిక. నేరుగా కరణం ఇంటికి పోతాడు. కరణం దగ్గర కవిలె ఉంటుంది. కవిలె అంటే ఊరి లెక్కల కట్ట. తండ్రి రాసింది కొడుకు, కొడుకు రాసింది మనుమడు కొనసాగించిన దినచర్య వంటిది. కొన్ని తాటాకుల మీద గంటంతో రాసినవి, కొన్ని నల్లటి కడితాల మీద బలపంతో రాసినవి. ఊరి హద్దులు, చెరువులు, బావులు, గుడి మాన్యాలు, ఏ ఏడు ఎంత శిస్తు, ఏ దండు వచ్చి ఊరు కొల్లగొట్టింది, ఎప్పుడు కరువు వచ్చింది, జనం ఎక్కడికి వలసపోయి మళ్లీ ఎప్పుడు తిరిగి వచ్చారు అన్నీ దానిలో ఉంటాయి.

అడగ్గానే ఇస్తాడా? ఇవ్వడు. కొత్తగా వచ్చిన దొరతనం పాత లెక్కలు అడుగుతున్నదంటే శిస్తు పెంచడానికో, మాన్యాలు ఊడబెరకడానికో అని భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. కాబట్టి గుమాస్తా రెండు రోజులు ఉంటాడు, పెద్దమనుషులతో అరుగు మీద కూర్చుంటాడు, గుడికి పోయి శాసనం నకలు రాసుకుంటాడు. నమ్మకం కుదిరిన తర్వాతనే అటక మీది కట్ట కిందికి దిగుతుంది. సగం చెద తిని ఉంటుంది. మిగిలిన సగం చూసి, పెద్దలు చెప్పింది విని, ఒక కైఫీయత్తు రాసుకుంటాడు. కైఫీయత్తు అనేది పారశీకం ద్వారా మనకు వచ్చిన మాట. పరిస్థితి, సంగతి, వివరం అని అర్థం.

ఈ విధంగా గండికోట సీమ, ములికినాడు మొదలైన పాత పేర్ల కింద మన మూడు తాలూకాల పల్లెలు ఎన్నో కాగితం మీదికి ఎక్కాయి. గండికోట కైఫీయత్తు తీసుకోండి. బొమ్మనపల్లె దగ్గర పెన్న గండి మీద కోట కట్టిన కాకరాజు, తర్వాత విజయనగరం రాజులు, పెమ్మసాని నాయకులు, మీర్ జుమ్లా, నవాబులు, ఒకరి తర్వాత ఒకరు వచ్చిపోతారు. మన పాఠ్యపుస్తకంలో గండికోటకు ఒక వాక్యం ఉంటే ఎక్కువ. కైఫీయత్తులో ఆ కోట ఒక బతికిన ఊరు.

ఇక ఆ భాష సంగతి. అది గ్రాంథికమూ కాదు, పూర్తిగా నోటిమాటా కాదు. కరణీకపు తెలుగు. చుక్క లేకుండా పేజీ పొడుగునా సాగే వాక్యం. మధ్యలో ఫసలీలు, సన్నదులు, జమాబందీలు. మొదటిసారి చదివితే ఊపిరి తిరగదు. రెండు పేజీలు అలవాటైతే మన తాతలు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. తెలుగు వచన చరిత్ర చదివే విద్యార్థులు వీటిని తప్పకుండా చూడాలి.

అయితే ఒక హెచ్చరిక. కైఫీయత్తులో ఉన్నదంతా వేదం కాదు. చాలావాటిలో కథ జనమేజయ మహారాజుతోనో, ముక్కంటి కాడువెట్టితోనో అడవి నరికించడం దగ్గర మొదలవుతుంది. కరణం తన వంశాన్ని, తన గుడి మాన్యాన్ని నిలబెట్టుకొనేటట్టుగా చెప్పిన చోట్లు ఉన్నాయి. ఆడవాళ్ల మాట, చేను దున్నిన వాడి మాట వాటిలో వినపడేది తక్కువ. శాసనంతో పోల్చి, మరో ఊరి కైఫీయత్తుతో పోల్చి చదవాలి. మెకంజీ కూడా ఈ ఆధారాలన్నీ ఒకచోట చేర్చి పోల్చి చూడాలనే అనుకున్నాడు. ఆయన కంపెనీ నౌకరనేది కూడా మరవకూడదు. పటం గీసింది దేశాన్ని ఏలడానికి. అయినా శిస్తు వసూలుకు అక్కరలేని ప్రశ్నలు ఆయన అడిగాడు. వాటిని అడిగినందుకే మనం ఆయనను తలచుకుంటున్నాం.

దొర పోయిన తర్వాత

1815లో మెకంజీ ఇండియా మొత్తానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1817లో పెట్టెలన్నీ ఎత్తుకొని, లక్ష్మయ్య మొదలైన సహాయకులను వెంటబెట్టుకొని కలకత్తా పోయాడు. అక్కడ కూర్చొని ఈ సేకరణకంతా ఒక కేటలాగు తయారుచేయాలని కోరిక. వయస్సు మీరింది, జ్వరాలు పీల్చేశాయి. కోరిక తీరకుండానే 1821 మే 8వ తేదీన కన్నుమూశాడు. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

కేటలాగు లేని సేకరణ అంటే దారి తెలియని అడవి. భార్య ఆ సేకరణను కంపెనీకి అమ్మింది. దాన్ని చూసి పట్టిక కట్టే పని సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ చేపట్టాడు. 1828లో రెండు సంపుటాల కేటలాగు అచ్చయింది. దాని ప్రకారం సాహిత్య గ్రంథాలు 1,568, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218, చిత్రాలు 2,630, పటాలు 79. స్థానిక చరిత్రలు మరి రెండు వేలకు పైన. ఒక మనిషి, ఆయన వెంట కొద్దిమంది గుమాస్తాలు చేసిన పని ఇది. విల్సన్‌కు దక్షిణాది భాషలు రావు. అందుచేత ఆ కేటలాగులో తప్పులు దొర్లాయి. అయినా అది లేకపోతే ఏ పెట్టెలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తర్వాత సేకరణ చెట్టుకొకటి పుట్టకొకటి అయింది. కొంత లండనుకు పోయింది. కొంత కలకత్తాలో ఉంది. తెలుగు, తమిళం, కన్నడం మొదలైన భాషల కాగితాలు మద్రాసుకు వచ్చాయి. మిగిలిపోయిన పని తాను పూర్తిచేస్తానని కావలి లక్ష్మయ్య అర్జీలు పెట్టుకున్నాడు. మెకంజీ తర్వాత ఆ పెట్టెల్లో ప్రతి కాగితం తెలిసిన మనిషి ఆయనే. కాని 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని తోసిపుచ్చాడు. ఇటువంటి విమర్శనాత్మకమైన పని ఒక నేటివు చేయలేడని ఆయన అభిప్రాయం. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పనిలోనే తలపండినవాడికి దక్కిన జవాబు అది. ఈ సంగతి చదివినప్పుడు కడుపులో ఏదో కలుక్కుమంటుంది. ఆ పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి పోయింది. 1857 నుంచి 1862 వరకు మూడు సంపుటాలుగా ఆయన కేటలాగు వెలువడింది.

లక్ష్మయ్యకు అందని అవకాశాన్ని మరో రకంగా నిలబెట్టినవాడు మన బ్రౌను దొర. మెకంజీ చనిపోవడానికి ముందు ఏడు, 1820లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడుగా కడప కచేరీలో ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, వేమన పద్యాల నుంచి ప్రబంధాల దాకా రాతప్రతులు సేకరించిన కథ మనందరికీ తెలిసిందే. సెలవు మీద లండనుకు పోయినప్పుడు, ఇండియా హౌసులో దిక్కులేక పడి ఉన్న దక్షిణాది రాతప్రతులు చూసి, వాటిని మద్రాసుకు తిరిగి పంపించేటట్టు చేశాడు. చెద పట్టి, సిరా మాసి పాడైపోతున్న మెకంజీ కైఫీయత్తులకు మద్రాసులో కొత్త నకళ్లు రాయించాడు. లోకల్ రికార్డ్స్ అనే పేరుతో ఇప్పుడు పరిశోధకులు చూసే సంపుటాలు అవే. 1869లో మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఏర్పడినప్పుడు మెకంజీ సేకరణ, ఇండియా హౌసు సేకరణ, బ్రౌను సేకరణ మూడూ ఒక కప్పు కిందికి చేరాయి.

చివరకు అవి మన గడపకే తిరిగి వచ్చాయి. కడపలో బ్రౌను బంగళా ఉన్న స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. కడప జిల్లా కైఫీయత్తులను కట్టా నరసింహులు గారి సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చువేసింది ఆ కేంద్రమే. కరణం గారి అటక మీద నుంచి మద్రాసుకు పోయి, కలకత్తా చూసి వచ్చి, చెదలు తప్పించుకొని, రెండు వందల ఏళ్లకు కడపకు చేరుకున్న కాగితాలు అవి.

మన వంతు

ఇప్పుడు అసలు మాట. మెకంజీ గుమాస్తాలు చూసిన కవిలెలు ఏమైనట్టు? చాలావరకు లేవు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. సర్కారు రికార్డులు తాలూకా కచేరీకి పోయాయి. ఇంట్లో మిగిలిన పాత కట్టలు ఎవరికీ అక్కరలేనివయ్యాయి. మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టేటప్పుడు కొన్ని కట్టలు పొయ్యిలోకి పోయాయి. చదవడం రాక, పారవేయడానికి మనసొప్పక కొందరు పసుపు కుంకుమ పెట్టి ఏట్లో కలిపారు. మరోవైపు గండికోట రిజర్వాయరు నీళ్లలో కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దటూరు వంటి ఊళ్లకు ఊళ్లే మునిగిపోయాయి. సీమకు నీళ్లు కావాలి, కాదనలేం. కాని ఊరు మునిగినప్పుడు దాని వీధి పేర్లు, బావుల పేర్లు, చేల పేర్లు కూడా మునుగుతాయి. అవి ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉంటేనే మిగిలినట్టు.

కనుక మిత్రులకు నా మనవి ఇది. ఈ వేసవి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మొదట మీ ఊరి కైఫీయత్తు ఉందేమో కనుక్కోండి. వెతికేటప్పుడు కొంచెం ఓపిక కావాలి. పాత కేటలాగుల్లో ఇంగ్లీషు స్పెల్లింగులు మనం గుర్తుపట్టలేనట్టుగా ఉంటాయి. ఊరు ఇప్పటి మండలం కింద ఉండదు, అప్పటి సీమ కింద, సముతు కింద ఉంటుంది. ఒక పేరుతో దొరక్కపోతే పక్క ఊరి పేరుతో చూడండి. దొరికితే నకలు తీసుకొని మీ అవ్వకో, తాతకో చదివి వినిపించండి. కాగితంలో ఉన్న చెరువు ఇప్పుడు ఎక్కడుందో, దాని మీద ఎవరి చేను ఉందో వాళ్లు చెబుతారు. అది రాసుకోండి. మీ ఊరి కైఫీయత్తు దొరకలేదా, మరీ మంచిది. మీరే రాయండి. ఎవరింట్లోనైనా తాటాకుల కట్ట కనబడితే అడగకుండా తీయవద్దు. బతిమాలి, కూర్చొని, సెల్‌ఫోనుతో ఒక్కొక్క ఆకూ ఫొటో తీసుకోండి. కట్ట వాళ్లింట్లోనే ఉండనివ్వండి. ఫొటోలు బ్రౌను గ్రంథాలయంలో చూపించండి.

మెకంజీకి తెలుగు రాదు, మనకు వచ్చు. ఆయన ఊళ్ల మీదికి పంపిన గుమాస్తాలకు దూరాభారాలు ఉండేవి, మనకు గంటకొక బస్సు ఉంది. బొర్రయ్య ఈ పని మొదలుపెట్టినప్పుడు వయస్సు ఇంచుమించు మనదే. కావలసింది ఆయనకున్న కుతూహలం. ఊరికి పోగానే అరుగు మీద కూర్చున్న పెద్దాయన పక్కన మనమూ కూర్చొని, ఈ చెరువు ఎవరు తవ్వించారు తాతా అని ఒక్క మాట అడిగితే చాలు. మిగతాది ఆయనే చెబుతాడు.